జిగురు పెట్టనండి

తెనాలి బోసు రోడ్డు పక్క సందులో కావేరిగారి బ్యూటీ పార్లరుంది. అక్కడ గోళ్లు పెట్టే పనికి కుదిరిన కొద్దిరోజులకే ఇందు అనే అమ్మాయికి చెడ్డపేరు మొదలైంది. ఆ అమ్మాయి పెట్టిన అక్రిలిక్ గోళ్లు నిలవడం లేదని.

పౌడరునీ లిక్విడునీ బ్రష్షు మొనమీద ముద్దగా కలిపి, గోటి మీద పరిచి, గట్టిపడ్డాక ఫైలుతో నున్నగా అరగదీసి, రంగు వేసి పంపేది ఇందు. పంపిన రోజు చూస్తే ముచ్చటేసేది. వారం తిరక్కుండానే గోటి మొదట్లో, చర్మం దగ్గర, పొర లేచేది. దువ్వుకుంటుంటే ఆ సందులో వెంట్రుకలు ఇరుక్కునేవి. ఆడవాళ్లు మొహాలు మాడ్చుకుని తిరిగొచ్చేవాళ్లు.

కావేరి అమృతలూరు వైపు రైతు కుటుంబం మనిషి. ఇంటిల్లిపాదీ వద్దన్నా పార్లరు పెట్టి నెగ్గుకొచ్చింది కాబట్టి ఎవరికీ తగ్గే రకం కాదు. ఇందు రేపల్లె పిల్ల. నాన్న పేరయ్య నిజాంపట్నం రేవులో పడవ పని చేస్తాడు, మేనత్త పేరంటాలు బజారులో చేపలమ్ముతుంది. తల్లి పోయిన పిల్లని పెంచింది ఆ అత్తే. చేపలు పట్టే మీవాళ్ల చేతులకి పుట్టుకతోనే తడి, అందుకే అంటుకోవడం లేదని కావేరి ఒకరోజు నవ్వుతూనే అంది. ఇందుకి ఒళ్లు మండిపోయింది. లోపం తన చేతిలో లేదని, చవక లిక్విడులో ఉందని ఎదురు చెప్పింది. కావేరి పంతానికి పోయి ఖరీదైన డబ్బా తెప్పించింది. ఆ డబ్బాతో పెట్టిన గోళ్లు కూడా లేచాయి. ఇక ఇందుకి మాట్లాడే మొహం లేకపోయింది.

సరిగ్గా అప్పుడే సరోజినిగారు తిరిగొచ్చారు. బాపట్లలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి ఆ నెలలోనే రిటైరవుతున్నారు. ముప్ఫై ఏళ్లు సుద్దముక్క పట్టిన చేతులకి ఒక్కసారైనా పొడుగాటి గోళ్లు పెట్టుకోవాలని ఆవిడ కోరిక. సొంత ఊళ్లో అయితే నలుగురూ చూస్తారని తెనాలి దాకా వచ్చి పెట్టించుకున్నారు. ఇప్పుడు మూడు గోళ్లు మొదట్లో లేచి ఉన్నాయి. సన్మానం శనివారం.

కావేరి ఇందుని తెర వెనక్కి పిలిచి, లేచినచోట జిగురు పోసి నొక్కి, పైన రంగు వేసి పంపెయ్యమంది. శనివారం దాకా ఆగితే చాలట.

ఇందు కదల్లేదు. విజయవాడలో పని నేర్చుకునేటప్పుడు అలా జిగురు పెట్టిన గోరొకటి చూసింది. లోపల చిక్కుకున్న తడికి అసలు గోరు పాచి పట్టినట్టు పచ్చబడిపోయింది. ఆ మనిషి చెయ్యి కొంగులో దాచుకుని ఏడ్చింది.

"జిగురు పెట్టనండి," అంది ఇందు. తెర వెనక అనాల్సిన మాట తెర ఇవతలికొచ్చి అంది. "లోపల తడి ఉండిపోతే మీ గోరు పాడవుతుందండి టీచరుగారూ. ఎందుకు లేస్తున్నాయో నాకు తెలియడం లేదు. పెట్టింది మాత్రం నేనే. మొత్తం తీసేస్తాను."

కావేరి మొహం కందగడ్డయింది. తీసెయ్, తీసేసి నువ్వు కూడా ఇంటికెళ్లు, రేపట్నుంచి రానక్కర్లేదు అంది. ఇందు తల దించుకోలేదు. దూదిని అసిటోన్‌లో ముంచి ఒక్కో వేలికీ చుట్టి, పైన పల్చటి ఫాయిల్ రేకు కట్టి, మెత్తబడేదాకా కూర్చుని, గీకకుండా లాగకుండా పదీ తీసింది. ఆవిడ చేతులకి నూనె రాసింది. సరోజినిగారు వేళ్లు చాపి చూసుకుని ఇందుకి తన ఫోన్ నంబరిచ్చారు. కారణం దొరికితే చెప్పమన్నారు. దొరక్కపోతే ఫోన్ చెయ్యొద్దన్నారు.

రేపల్లె ప్యాసింజరులో కిటికీ పక్కన కూర్చుంటే అప్పటికి ఏడుపొచ్చింది. ఉద్యోగం పోయినందుకు కాదు. కావేరి అన్నమాటే నిజమేమోనని.

ఇంట్లో పేరయ్య సంగతంతా విని, ఇక ఆ సోకులు చాలనీ, రొయ్యల కంపెనీలో మనుషుల్ని తీసుకుంటున్నారనీ చెప్పాడు. ఇందు పళ్లెం ముందు కూర్చుని అన్నం కెలుకుతోంది. పేరంటాలు చేపల బుట్ట కడిగి బోర్లించి, చీరకి చేతులు తుడుచుకుని, రెండు చేతులూ మేనకోడలి ముందు పెట్టింది. ఎండకీ ఉప్పుకీ బిరుసెక్కిన చేతులు.

"నాకు పెట్టవే."

"చేపలు బాగుచేసే చేతులకి గోళ్లేంటి పేరంటాలూ. బజారంతా నవ్వుద్ది," అన్నాడు పేరయ్య.

"నవ్వనీ అన్నా. నవ్వినోళ్లు కూర తినడం మానేస్తారా? దీని చేతిలో ఏం లోపముందో తేలాలంటే నా చేతుల మీదే తేలాలి. వీటి మీద నిలిస్తే ఎక్కడైనా నిలుస్తయ్."

మర్నాడు అత్త బజారు నుంచి వచ్చాక, మిట్టమధ్యాహ్నం, రేకుల వసారాలో, విజయవాడలో నేర్చుకునేటప్పుడు కొన్న పెట్టె తెరిచి, ఎడమచేతికి మొదలుపెట్టింది ఇందు. నేర్పినట్టే గోటి మీద అంటుకున్న సన్నటి చర్మం వెనక్కి నెట్టింది, మెరుపు పోయేలా పైపైన రుద్దింది, జిడ్డు తుడిచింది, ముద్ద పట్టుకోవడానికి ప్రైమరు రాసింది. ముద్ద తీసి గోటి మీద పెట్టగానే, సర్దేలోపలే అది గట్టిపడిపోయింది. చెయ్యి దానంతటదే బ్రష్షుని మళ్లీ లిక్విడులో ముంచింది. ఈసారి ముద్ద పల్చగా, జారుడుగా వచ్చింది. సులువుగా పరుచుకుంది కూడా. పరుచుకుని, గోరు దాటి, పక్కనున్న చర్మం మడతలోకి పాకింది.

ఇందు బ్రష్షు పట్టుకున్న చేతిని అలాగే ఆపేసింది. ఇలా ఎన్నిసార్లు చేసింది తను? ప్రతిసారీ చేసింది. విజయవాడలో నేర్చుకున్న గది పొద్దస్తమానం ఏసీలో చల్లగా ఉండేది, ముద్ద నిదానంగా ఆరేది. తెనాలిలో కస్టమరు కుర్చీలో కూర్చున్నాకే కావేరి ఏసీ వేసేది. గది చల్లబడేసరికి సగం చేతి పని అయిపోయేది. ఆ ఉక్కలో ముద్ద తొందరగా బిగుసుకుంటుంటే తను తెలియకుండానే తడి పెంచుకుంటూ పోయింది. ఆ తడి చర్మాన్ని పట్టుకునేది. చర్మం కదిలినప్పుడల్లా ముద్దని గోటి నుంచి లాగేది.

అది నిజమో తన ఊహో తెలియాలిగా. ఎడమచేతిని ఆ తప్పుతోనే పూర్తిచేసింది. కుడిచేతిని మర్నాడు తెల్లారగట్ల చల్లపూట పెట్టింది. ఈసారి ముద్దలు చిన్నవి. బ్రష్షుని ప్రతిసారీ కాగితానికి అద్ది తడి తగ్గించింది. చర్మానికీ ముద్దకీ మధ్య వెంట్రుకవాసి సందు వదిలింది. మెరూన్ రంగు వేయించుకుని పేరంటాలు బుట్టెత్తుకుని బజారుకెళ్లింది.

బజారు నవ్వనే నవ్వింది. పక్క పీట మీద చిట్టిబాబు అనే రొయ్యల వ్యాపారి, ఏంటి పిన్నీ సినిమాల్లో చేరావా అని అడిగాడట. చేరితే నీకు చెప్పే చేరతాలే అని, ఆవిడ అవే వేళ్లతో కొరమేను పొట్ట చీల్చి పేగులు లాగి పారేసిందట. గోళ్లు చూడ్డానికి వచ్చినవాళ్లు చేపలు కూడా కొన్నారని సాయంత్రం గొప్పగా చెప్పుకుంది.

గురువారానికి ఎడమచేతిలో నాలుగు గోళ్లు మొదట్లో లేచాయి. కుడిచేతిలో బొటనవేలిదొక్కటే లేచింది. ఆ ఒక్కటి ఎందుకు లేచిందో ఇందుకి వెంటనే అంతుపట్టలేదు. ఊడదీసి వెనక్కి తిప్పి చూస్తే ఒక మూల మెరుస్తోంది. అక్కడ తను సరిగ్గా రుద్దలేదు. దాని తప్పు వేరు, తడిది కాదు. ఎడమచేతివి కూడా అన్నీ తీసేసి మళ్లీ పెట్టి, బాపట్లకి ఫోన్ చేసింది.

శుక్రవారం పొద్దున్నే అత్తనీ వెంటబెట్టుకుని రైలెక్కి, తెనాలిలో మారి, బాపట్లలో దిగింది. సరోజినిగారింట్లో ఆవిడ ఆడపడుచు సుబ్బరత్నమ్మ సోఫాలో కూర్చుని ఉంది. వచ్చినవాళ్లని ఎగాదిగా చూసి, ఈ వయసులో గోళ్లేంటి వదినా, రేపు కలెక్టరాఫీసు వాళ్లొస్తారు, పైగా చేపలమ్మే వాళ్ల చేత చేయించుకోవడమా అని మూతి తిప్పింది.

"ముప్ఫై ఏళ్లు అందరికీ నచ్చినట్టున్నాను సుబ్బరత్నం," అన్నారు సరోజినిగారు. "రేపొక్కరోజు నాకు నచ్చినట్టుంటాను. నువ్వు చూడలేకపోతే వెనక వరుసలో కూర్చో."

పేరంటాలుకి ఆ మాట భలే నచ్చింది. ఇందు ముందు ఏసీ వేయించింది, గది చల్లబడేదాకా పెట్టె కూడా తెరవలేదు. సరోజినిగారు ఆతృతపడ్డా ససేమిరా అంది. పని పూర్తయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. వెళ్లేముందు, ఏ గోరు లేచినా ఫోన్ చెయ్యండి, జిగురు మాత్రం పెట్టుకోకండి, వచ్చి తీస్తాను అని చెప్పింది.

సన్మానంలో ఆవిడ పది వేళ్లూ కనిపించేలా జ్ఞాపికని ఎత్తి పట్టుకున్న ఫోటో ఎంతమంది ఫోన్లలో తిరిగిందో ఇందుకి తెలియదు. రెండోవారంలో మాత్రం కావేరి ఫోన్ చేసింది. ఆ ఫోటో చూసి పార్లరుకొచ్చి, ఆ గోళ్లు పెట్టినమ్మాయి కావాలని నలుగురైదుగురు అడిగారట. ఎప్పుడొస్తావ్ అంది, ఏమీ జరగనట్టు.

"మీరన్నదాంట్లో సగం నిజమే మేడమ్. తప్పు నా చేతిలోనే ఉంది. నా పుట్టుకలో లేదు," అంది ఇందు. గది ముందే చల్లబడాలనీ, లేచిన గోటికి జిగురు పెట్టి కప్పిపుచ్చమని తనకి ఇంకెప్పుడూ చెప్పకూడదనీ, అలాగైతేనే వస్తాననీ చెప్పింది.

నీకు పొగరెక్కువ అంది కావేరి. అవునండి అంది ఇందు. సోమవారం పెందలాడే రా అని కావేరి ఫోన్ పెట్టేసింది. తప్పైందని ఆవిడ అనలేదు. ఇందు కూడా ఆ మాట కోసం ఆగలేదు.

సోమవారం మొదటి కస్టమరు కొత్తగా పెళ్లయిన అమ్మాయి. ఇందు పెట్టిన ముద్ద ఎక్కడా చర్మం మీదికి పాకలేదు గానీ, రెండు గోళ్ల లోపల చిన్నచిన్న బుడగలున్నాయి. ఇవేంటని ఆ అమ్మాయి అడిగింది. కావేరి అద్దం తుడుస్తూ ఓరకంట చూసింది.

ఇందు ఆ చేతిని దీపం కిందికి లాక్కుంది. ఎందుకొచ్చాయో తనకింకా తెలియదని చెప్పింది. చెప్పి, ఆ రెండింటినీ అరగదీసి మళ్లీ పెట్టడానికి ఫైలు తీసి, ఆ పిల్లని కాస్త దగ్గరికి జరగమంది.