బోసి నొసలు

ఆళ్లగడ్డ బస్టాండులో దిగేటప్పటికి ఏడు కూడా కాలేదు. జెస్సికా తెల్లచీర కొంగు తల మీదికి లాక్కుని, జాకెట్టు చేతులు మణికట్టు దాకా ఉన్నాయో లేదో చూసుకుంది. చెవులు బోసి, మెడ బోసి, నొసలు బోసి. అంతా సరిగ్గానే ఉంది. అయినా బస్సు అద్దంలో ఇంకోసారి చూసుకుంది.

ప్రతి ఆదివారం ఇదే భయం. నంద్యాల చీరల అంగట్లో చేరిన మొదటి రోజే యజమాని శ్యాంసుందర్ ఖరాఖండిగా చెప్పేశాడు. "బోసి మొగంతో చీర పరిస్తే కొనేటోళ్లు లేచి వెళ్లిపోతారు పాపా. బొట్టన్నా పెట్టుకో, వేరే అంగడన్నా చూసుకో." అప్పట్నించి వారంలో ఆరు రోజులు ఎర్ర స్టిక్కరు పెట్టుకుంటోంది. శనివారం పని అయ్యాక ఊడబీకి, సోమవారానికి పనికొస్తుందని బ్యాగు పట్టీకి అంటిస్తుంది. ఏడు నెలలుగా ఎవరికీ తెలియదు.

తెలిస్తే మాత్రం అంతే సంగతులు. వాళ్ల నాయన ప్రేమ్ సాగర్ ఊళ్లోని క్రైస్తవ సంఘానికి పెద్ద. ఆ సంఘంలో ఆడవాళ్లు నగ పెట్టరు, పువ్వు పెట్టరు, బొట్టు మాటే లేదు. పోయినేడు సంఘంలోని సుప్రియ, అత్తగారి పోరు పడలేక మెట్టెలు పెట్టుకుంటే, ఆయనే లేచి నిలబడి పేరు చదివి, ఆర్నెల్లు ఆరాధనలో పంచే రొట్టె, ద్రాక్షరసం ఇవ్వకుండా వెనక కూర్చోబెట్టాడు. ఆ పిల్ల ఇప్పటికీ తలెత్తి ఎవరినీ చూడదు. ఇక కూతురి పేరే చదవాల్సివస్తే, మళ్లీ నంద్యాల బస్సు ఎక్కనిస్తాడా?

బస్టాండు బయట నాయన బండి పక్కన నిలబడి ఉన్నాడు. చలువ చేసిన తెల్లచొక్కా, చంకలో బైబిలు. ఆయన పక్కన మత్తయి మామ, చనిపోయిన అమ్మకు తమ్ముడు. ఈ మామకు రోజుకొకరిని ఏడిపించకపోతే తిన్నది అరగదు. చెప్పు తెగిందంటాడు, చీర మీద బల్లి ఉందంటాడు, అవతలివాళ్లు ఎగిరి గంతేస్తే పొట్ట పట్టుకుని నవ్వుతాడు.

"వచ్చినావా మ్మే? చీరలు మడిచి మడిచి నువ్వే మడత పడినావ్ కదే."

"నువ్వు విప్పిన గుడ్డ తాను మాదిరి ఉండావ్ లే మామా."

మామ ఉన్నట్టుండి మొహం ముడిచి దగ్గరికి వంగాడు. "అదేందీ, నొసట ఏందో ఉండాది?"

ఆమె చేయి టక్కున లేచింది. సరిగ్గా కనుబొమల నడుమకు పోయి గోటితో గీకింది. అక్కడ ఏమీ లేదు. మామ పకపకా నవ్వాడు. నవ్వుతూనే ఆమె వేలు ఆగిన చోటు చూసి, మిగతా నవ్వు మింగేశాడు. బొట్టే ఎరగని పిల్లకు ఆ చోటు చూడకుండానే ఎట్లా దొరికింది?

నాయన కూడా చూశాడు. "టైమైతాంది, దా" అని ఆమె బ్యాగు అందుకుని భుజానికి తగిలించుకున్నాడు. దారి పొడుగునా ఆమె కొంగు నొసటి దాకా లాక్కునే ఉంది.

మందిరంలో ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్నాక, నాయన తిరిగిచ్చిన బ్యాగు ఒళ్లో పెట్టుకుని పట్టీ తడిమింది. స్టిక్కరు లేదు. పట్టీ తిప్పి చూసింది. చాప మీద చూసింది. కుచ్చిళ్లు దులిపింది. లేదు.

పాట అయింది. నాయన బల్ల దగ్గరికి పోయి, రొట్టె మీది గుడ్డ తీయడానికి వంగాడు. కుడి భుజం వెనక, మచ్చలేని తెల్లచొక్కా మీద, శనగగింజంత ఎర్రటి బొట్టు.

పక్కనున్న సుంకమ్మ ముందామెను వేలితో పొడిచింది. "అది బొట్టు కాదామ్మే?"

"బొట్టే. ఎవురిదో?"

"పెండ్లాం పోయి నాలుగేండ్లాయ. మన సంగంలో బొట్టు పెట్టేటోళ్లు యాడుండారు?"

"అందుకే అడుగుతాండా, ఎవురిదో అని."

జెస్సికాకు అంతా వినబడింది. ఇన్నాళ్లూ తన పేరు కోసమే వణికింది. ఇప్పుడు గుసగుస నాయన మీదికి చీమలబారులా పాకుతోంది. నోరు మూసుకుంటే తను తప్పించుకుంటుంది, ఆయన తప్పించుకోలేడు. మగవాళ్ల వైపు చూసింది. మత్తయి మామ కూడా ఆ బొట్టు చూశాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన మొహం అంత పాలిపోయి ఉండటం ఆమె చూడలేదు. వద్దు, లేవొద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

ఆమె లేచింది. ఆరాధన నడుమ ఆడమనిషి లేవడం ఆ మందిరంలో ఎవరూ ఎరగరు.

"నాయనా." గొంతు కీచుమంది. "నీ భుజం మీద ఉండేది నా బొట్టు. అంగట్లో పెట్టుకుంటాండా, ఏడు నెల్ల నుంచి. బ్యాగుకు అంటించింటి."

ప్రేమ్ సాగర్ భుజం తడుముకున్నాడు. రెండుసార్లు అందలేదు, మూడోసారి అందింది. వేలికొసన ఉన్నదాన్ని చాలాసేపు చూశాడు. ఆమె కళ్లు మూసుకుంది.

"జెస్సికా." సుప్రియ పేరు చదివిన గొంతే. "నువ్వు ఈ పొద్దు రొట్టె తీసుకోవద్దు." ఆగి, పళ్లెం పక్కాయన చేతిలో పెట్టాడు. "నేనూ తీసుకోను. ఇంట్లో బిడ్డ మొగం చూసుకోకుండా ఊరోళ్ల కాలి మెట్టెలు చూసినోన్ని."

వెనక వరసలో సుప్రియ తలెత్తింది.

ఆరాధన అయ్యాక బయట ఎవరూ వాళ్ల దగ్గరికి రాలేదు. నాయన బ్యాగు తీసుకుని, పట్టీని రెండువైపులా బొటనవేలితో రుద్ది చూసి, భుజానికి వేసుకున్నాడు.

"రేపు ఏ బస్సుకు పోతాండావ్?"

"ఆరుకు."

"నేనూ వస్తా. మీ అంగడాయనతో మాట్లాడాల."

ఆయన బొట్టు లేకుండా పని చేయనిమ్మని అడగడానికి వస్తాడో, తనను పని మాన్పించుకుని రావడానికో ఆ గొంతులో తెలియలేదు. అడిగే ధైర్యం ఆమెకు లేదు.

"బావా," అన్నాడు మత్తయి మామ వెనకనుంచి, "భుజం మీద ఇంకోటి ఉండాది."

నాయన చేయి టక్కున లేచి, సరిగ్గా ఆ చోటుకే పోయింది. మామ అప్పటికే నాలుగడుగులు వెనక్కి వేసి ఉన్నాడు. నాయన చేయి దించకుండా కూతురి వైపు చూశాడు. నవ్వొచ్చో లేదో తెలియక జెస్సికా పెదవి కొరుక్కుని అట్లాగే నిలబడింది.