నలభై సెకన్లు

నేను అరచేతంత గుండ్రని డయల్‌ని, విమానం వేగం చెప్పేదాన్ని. పైలట్ల ముందు రంగురంగుల తెరలు పెట్టాక, అవి ఆరిపోతే పనికొస్తానని నన్ను మధ్య పలకలో ఒక మూలకు బిగించారు. నాకు కరెంటు అక్కర్లేదు. బయటి గొట్టంలోకి దూసుకొచ్చే గాలి ఒత్తిడితోనే నా ముల్లు కదులుతుంది. పదకొండేళ్లు నిమిషం విశ్రాంతి లేకుండా వేగం చూపించాను. నావైపు చూసినవాళ్లు తక్కువ.

ఆ మధ్యాహ్నం విశాఖలో దిగుతున్నాం. ఎడమ సీట్లో కెప్టెన్ ప్రభుదాస్, గుంటూరు మనిషి, రిటైర్మెంట్‌కు ఎనిమిది నెలలున్నాయి. కుడివైపు కో పైలట్ హైమవతి, కరీంనగర్ అమ్మాయి. ఇంజన్ల శక్తిని పెంచడం, తగ్గించడం ఆటో థ్రాటిల్ అనే యంత్రమే చూసుకుంటోంది. దాన్ని కనిపెట్టి ఉండటమే వీళ్ల పని.

చివరి నిమిషంలో రన్‌వే మారిందని కబురొచ్చింది. కొత్త వివరాలు కంప్యూటర్లో ఎక్కించడానికి ఇద్దరూ తలలు వంచారు. సరిగ్గా అప్పుడే ఎత్తు కొలిచే పరికరం తప్పు చెప్పింది. విమానం నేలకు చేరిందనుకుని ఆటో థ్రాటిల్ శక్తి మొత్తం తగ్గించేసింది. నా ముల్లు నూట యాభై నుంచి జారడం మొదలైంది. నూట నలభై. నూట ముప్పై. తెరల మీదా అవే అంకెలు. చూసే కళ్లే లేవు. నాకు నోరుంటే అరిచేదాన్ని.

ఇంజన్ల హోరు సన్నగిల్లడం హైమవతి చెవికి తట్టింది. తలెత్తేసరికి మొదట నేనే కనిపించాను. నూట పది. ఇంకాస్త జారితే విమానం గాల్లో నిలవదు.

"సార్, స్పీడు!"

ప్రభుదాస్ ఇంజన్ల శక్తి పెంచే లీవర్లు ముందుకు నెట్టాడు. చెయ్యి తీయగానే అవి వెనక్కి జారాయి.

"సార్, అది మళ్ల వెనక్కి గుంజుతుంది!"

"ఆపెయ్యమ్మా దాన్ని!"

ఆమె ఆటో థ్రాటిల్ ఆపేసింది. ఆయన లీవర్లను గట్టిగా నెట్టి పట్టుకున్నాడు. విమానం ఒళ్లంతా వణికి, బరువుగా ముక్కెత్తి, సముద్రం మీదుగా చుట్టు తిరిగి, రెండోసారి దిగింది. ఆలస్యమైందని విసుక్కుంటూ ప్రయాణికులు వెళ్లిపోయారు.

ప్రభుదాస్ సీట్లోంచి లేవలేదు. రిపోర్టు ఫారంలో 'పరికరం చెడింది' అని రాసి ఆగాడు.

"ఇంతటితో ఆపితే ఎవరూ అడగరమ్మా."

"నేను గూడ చూడలేదు సార్. అది గూడ రాయుండ్రి."

ఆయన కింద ఇంకో వాక్యం చేర్చాడు: 'మేమిద్దరం చూడలేదు.'

కంపెనీ ఇద్దరినీ విచారించింది. హైమవతి మళ్లీ శిక్షణ తీసుకుని విమానమెక్కింది. ఆయన మళ్లీ నడపలేదు.

తర్వాత ఆ విమానాన్ని విప్పేశారు. నన్ను పైలట్ల శిక్షణ కేంద్రంలో బల్ల మీద పెట్టారు. ఇక్కడ దూసుకొచ్చే గాలి లేదు. ముల్లు కదలకపోయినా నాకు స్థిమితం లేదు.

ప్రతి కొత్త బ్యాచ్‌కూ ప్రభుదాస్ వచ్చి ఇదంతా తన పేరుతో సహా చెబుతాడు. మొన్న ఒకమ్మాయి అడిగింది. "ఎంతసేపు చూడలేదు సార్?"

"నలభై సెకన్లు."

"అంతేనా?" ఎవరో నవ్వారు.

ఆయన చేతి గడియారం విప్పి నా పక్కన పెట్టాడు. "అయితే నలభై సెకన్లు ఊరికే కూర్చోండి. నేను చెప్పేదాకా."

పదిహేనో సెకనుకు కుర్చీలు కిర్రుమన్నాయి. పాతికకు ఒకరు గొంతు సవరించుకున్నారు. ముప్పై దాటాక, అడిగిన అమ్మాయి రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది.

ఆయన ఇంకా చెప్పలేదు.