దిష్టిరేకు

బందరు సముద్రానికి మర్యాదలెక్కువ. ఓడను గుమ్మం దాకా రానివ్వదు, మైళ్ల అవతలే నిలబెడుతుంది. ఎంత దూరమంటే, ఓడలో వంటవాడు మిరపకాయ పోపు వేస్తే ఒడ్డున తుమ్ము మర్నాటికి గాని వచ్చేది కాదు. అక్కణ్ణుంచి సరుకు దిగాలంటే పడవలే దిక్కు. ఆ పడవలూ రేవూ అప్పట్లో ఒక తెల్లదొరల కంపెనీవి.

పెడనలో బట్టలమీద అచ్చులద్దే పున్నయ్యకి రావలసిన ఎర్రరంగు డబ్బా అలా దూరాన ఆగిన ఓడలోనే ఉంది. మోపిదేవి తిరునాళ్లకి గుడివాడ బట్టల వ్యాపారి రత్నంగారికి దుప్పట్లు అందివ్వాలి. అందకపోతే ఆ బేరం పోయినట్టే, అద్దకం పాక మూతపడ్డట్టే. రోజూ రేవుకి రావడం, కంపెనీ బట్టల బేళ్లు దిగుతుంటే చూసి ఉత్తచేతులతో పోవడం.

రేవు గుమాస్తా వెంకటసుబ్రహ్మణ్యంగారు మంచివాడే, నోరే చురుకు.

"ఓడ వాళ్లది, పడవ వాళ్లది, రేవు వాళ్లది. వాళ్ల సరుకు దిగాక కదటయ్యా నీది?"

"మరి సముద్రం ఎవరిదండీ?"

"కనుక్కుని చెప్తాలే."

ఒక మధ్యాహ్నం బేలొకటి జారి విచ్చుకుంది. లోపలి గుడ్డ చూసి పున్నయ్య కొయ్యబారిపోయాడు. అది వాళ్లింటి పువ్వు. నిండు పువ్వుకి దిష్టి తగులుతుందని వాళ్ల తాత ప్రతి అచ్చులో ఒక రేకు చెక్కి తీసేసేవాడు. సీమలో బట్టలద్దే మరకి దిష్టి సంగతి ఏం తెలుసు? అయినా ఆ రేకు ఇక్కడా లేదు.

బేళ్లు బండికెత్తించుకోడానికి వచ్చిన రత్నంగారి మొహంలోనూ నెత్తురుచుక్క లేదు.

"కంపెనీవాళ్లు నమూనా అడిగితే పోయినేడు నీ దుప్పటి ఒకటి ఇచ్చాను పున్నయ్యా. ఇంత పని చేస్తారనుకోలేదు. కానీ నీ రంగు ఎప్పుడు దిగుతుందో నీకే తెలీదు. తిరునాళ్లు ఆగవు కదా."

బండి గుడివాడ దారి పట్టింది. సాయంత్రానికి రంగు డబ్బా కూడా దిగింది, పాపం.

ఇంటికొచ్చి పున్నయ్య ఉలి తీశాడు. అచ్చులో ఇంకో రేకు చెక్కి తీసేశాడు. ఇక తన పువ్వు తనదే అన్నాడు.

భార్య రాఘవమ్మ వంగి అచ్చు చూసింది.

"మళ్లీ ఓడొచ్చేసరికి వాళ్లూ అది తీసేస్తారుగా?"

"అప్పుడు ఇంకోటి తీస్తా."

"రేకులైపోతేనో?"

పున్నయ్య అచ్చులో మిగిలిన రేకులు లెక్కపెట్టుకున్నాడు.