మగ్గాలు ఆగినా ఆగని ఆయాసం

2011 సెప్టెంబరు ఇరవై ఐదున సిరిసిల్లలో తెలంగాణ కోసం నిరసనగా రోడ్డు మీదే వండి, వేడి అన్నంలో పచ్చిపులుసు కలుపుకుని తిన్నాం. సకల జనుల సమ్మెతో మా వాడలో సాంచెలు, అంటే మరమగ్గాలు, ఆగి పన్నెండు రోజులైంది. నినాదాలు ఇస్తున్న బామ్మర్ది కొమురయ్య సగంలోనే ఆయాసంతో కూలబడ్డాడు. నా భార్య పోయాక నాతో ఉంటున్నది ఆమె తమ్ముడైన ఇతనొక్కడే.

"నూలు దుమ్ము బావా. సాంచెల మీద బతికెటోనికి గిది తప్పదు" అంటూ బీడీ ముట్టించాడు.

పక్కన తింటున్న డాక్టరు శైలజ ఆపింది. "సాంచెలు బందయి పన్నెండు దినాలాయె. దుమ్ము లేకున్నా ఆయాసమెందుకు తగ్గలే కాకా? బీడీ పొగతోని గూడ ఆస్తమా వస్తది. గది మాను, మందు నేను రాస్త. ఊపిరి తేరుకుంటది."

నా ఒళ్లు పులకరించింది. తప్పదనుకున్న జబ్బుకు దారి దొరికింది!

"అయితే బీడీలకు గూడ సమ్మెనే!" కొమురయ్య బీడీల కట్ట నా చేతిలో పెట్టాడు. "తిట్టినా ఇయ్యకు బావా."

"మీ అక్క తిట్లే తట్టుకున్న, నీవెంత?"

బీడీ మాని మందు వాడిన మూడు వారాలకు ఊరేగింపులో కొమురయ్య నినాదం మీద నినాదం ఆగకుండా ఇచ్చాడు. జనం హోరెత్తారు. మునుపు రోజూ తిన్నాక బీడీకని వీధిలోకి పోయే మనిషి ఆ రాత్రి కూడా పోలేదు. లోపలే ఉండి చప్పుడు కాకుండా తలుపు మూశాడు.