క్రేనక్క

పద్నాలుగో అంతస్తు లేస్తున్న ఆ కట్టడం దగ్గర క్రేన్ నడిపేది ఆడమనిషి. పనివాళ్లందరికీ ఆమె క్రేనక్క. కింద నిలబడి వాకీటాకీలో ఎత్తమనీ దించమనీ చెప్పే సిగ్నల్ మనిషి ఆమెకు స్వయానా మరిది.

రెండు నెలల కిందట కంపెనీ డాక్టరు ఆమెను తూకమెక్కించి, "పడిపోకుండా కట్టుకునే బెల్టు వంద కిలోలకే ఆగుతుందమ్మా. మీరు నూట తొమ్మిది. మూడు నెలల్లో తగ్గకపోతే పైకి పంపలేం, గేటు దగ్గర కూర్చోవాల్సిందే" అన్నాడు. పదహారేళ్లుగా పైనుంచి పని చేసిన మనిషికి గేటు దగ్గర కూర్చోవడమన్న మాటే మింగుడుపడలేదు. బయటి డాక్టరు దగ్గర బరువు తగ్గడానికి వారానికొక ఇంజక్షన్ రాయించుకుంది. ఇంట్లో చెప్పలేదు. మరిది చెవిన పడితే టముకు వేసినట్టే.

మొదట్లో కాస్త వికారం, అంతే. గడువు ముంచుకొస్తోందని ఒక వారం తనంతట తానే మోతాదు పెంచుకుంది. ఇక ముద్ద నోట పెడితే కడుపులో తిప్పడమే. రెండు రోజులు వాంతులు. నీళ్లు కూడా తాగలేదు. క్యాబిన్లో మరుగుదొడ్డి ఉండదు, దిగి ఎక్కాలంటే అరగంట.

మూడోరోజు పదకొండింటికి ఇనుప చువ్వల కట్ట పదో అంతస్తు ఎత్తున వేలాడుతుండగా, అద్దం అవతల ఆకాశం ఒక్కసారిగా పక్కకు ఒరిగింది. చెవుల్లో హోరు. అరచేతులు చల్లబడ్డాయి. కట్ట కింద ఆరుగురు పని చేసుకుంటున్నారు.

"ఆగావేం వదినా? కునుకు పట్టిందా?"

నోరు విప్పితే ఉద్యోగం పోతుంది. ఒక్క క్షణం పళ్లు బిగించి చూసింది. చూపు అంచుల నుంచి నల్లబడుతోంది.

"కింద మనుషుల్ని తీసెయ్ అబ్బాయ్. నాకు కళ్లు తిరుగుతున్నాయి."

"పరాచికాలా?"

"నా మీద ఒట్టు."

కింద ఈల మోగింది. మళ్లీ వినబడ్డ గొంతు మరిదిదే, కానీ నవ్వులేదు. "అందరూ తప్పుకున్నారు. నా మాటొక్కటే విను. ఎడమకి తిప్పు. ఇంకాస్త. చాలు. ఇక దించు... మెల్లగా... మెల్లగా..."

గొంతుదాకా వచ్చినదాన్ని దిగమింగుతూ, కళ్లు మూసుకుని, ఆ మాటల వెంటే మీట కదిపింది.

"నేల తాకింది వదినా. వదిలెయ్."

మీట వదిలి, హెల్మెట్‌లోకి భళ్లున కక్కుకుంది.

రెండో అంతస్తు దాటి ఎన్నడూ ఎక్కని మరిది, వణుకుతూ పైదాకా వచ్చాడు, నీళ్ల సీసాతో.

"ఎన్నాళ్లనుంచి?" ఇంజక్షన్ల సంగతి ఆమె చెప్పగా విని అడిగాడు.

"ఎనిమిది వారాలు."

"అన్నయ్యకైనా చెప్పొద్దూ?"

"ఆయనకి చెబితే నీకు తెలీదా? నువ్వు ఊరంతా చాటేవాడివి."

"చాటేవాణ్నే! నవ్వేవాళ్లు నవ్వుకుంటారు. ప్రాణం మీదకి తెచ్చుకుంటావా?" అంటూనే ఏడ్చేశాడు.

ఇద్దరు మనుషులు తాడు కట్టి ఆమెను దించారు. ఆసుపత్రిలో రెండు సీసాల సెలైన్ ఎక్కింది. డాక్టరు చీవాట్లు పెట్టి, రెండు వారాలు ఇంజక్షన్ ఆపి, మళ్లీ చిన్న మోతాదుతో మొదలుపెట్టాడు. కొంచెం కొంచెంగా తినాలి, గంటగంటకీ నీళ్లు తాగాలి. జరిగింది ఆమే కంపెనీకి రాసిచ్చింది. గడువునాటికి తూకం నూట రెండు. గేటు దగ్గరే కూర్చోబెట్టారు. తిట్టుకుంటూనే కూర్చుంది.

ఐదో నెలలో తొంభై ఎనిమిదికి దిగి, మళ్లీ పైకెక్కింది. క్యాబిన్లో కూర్చుని వాకీటాకీ నొక్కింది.

"అబ్బాయ్, కాస్త కడుపులో తిప్పినట్టుంది. పావుగంట ఆగుదాం."

"అలాగే వదినా."

కింద మేస్త్రీ విసుగ్గా గడియారం చూసుకున్నాడు. చూసుకోనీ అనుకుని, ఆమె నీళ్ల సీసా మూత తీసింది.