కొండ మట్టి

బూట్ల అడుగున ఎండిన మట్టిని ఆమె పాత చెంచాతో గీకుతోంది. ఎర్రమట్టయితే జలపాతం దగ్గరిది, నల్లగా జిగురుగా ఉంటే పై అడవిది. కొండ మీద ఒక్క అడుగూ పెట్టకుండానే కొండ మట్టి రంగులన్నీ ఆమెకు కంఠతా వచ్చు.

ఆ ఊరికి అందరూ కొండల కోసమే వస్తారు. కొండల మీది అడవి పార్కుకి బస్సులు బయల్దేరేది వీధి చివరి నుంచే. అందుకే సెలవులొస్తే చాలు, అత్తవారి తరపు చుట్టాలందరికీ ఆమె ఇల్లే సత్రం. పదకొండేళ్ళుగా దుప్పట్లు ఉతికింది, క్యారియర్లు కట్టింది, వాళ్ళ ఫొటోలు చూసి బాగున్నాయంది. నేనూ వస్తానన్నప్పుడల్లా భర్తది ఒకటే మాట, "కొండ ఎక్కడికి పోతుంది?" ఆడపడుచు ఇంకో ముక్క కలిపేది, "రోజూ కిటికీలోంచి కనిపించేదాన్ని మళ్ళీ వెళ్ళి చూడ్డమేంటి వదినా?" ఆ కిటికీ వంటింట్లో, గిన్నెలు తోమే చోట ఉంది.

పోయిన నెల డాక్టరమ్మ ఆమె మోకాళ్ళు నొక్కి చూసింది. గుజ్జు అరిగిపోయిందంది. కొండలూ గిండలూ ఎక్కాలనుంటే ఈ ఏడే ఎక్కెయ్యమంది. ఆ మాట ఇంట్లో చెబితే భర్త నవ్వి, సరే, ఈసారి జీపులో ఆరో సీటు నీదే అన్నాడు.

ఆ ఒక్క మాట పట్టుకుని ఇవాళ నాలుక్కే లేచింది. భర్త, ఆడపడుచు, ఆమె మొగుడు, వాళ్ళ ఇద్దరు పిల్లలు, ఆ ఐదుగురికే కాదు, తనతో కలిపి ఆరుగురికి వండింది. పాత బూట్లకు కొత్త తాళ్ళు కట్టుకుంది. తీరా జీపు దగ్గరికెళ్తే ఆరో సీట్లో క్యారియర్ కూర్చుని ఉంది, బెల్టు కూడా పెట్టుకుని.

"ఒళ్ళో పెట్టుకుంటాలెండి," అంది.

భర్త ఆమె వైపు చూడలేదు. అద్దం తుడుస్తూ, "అందరం తడిసి వస్తాం. నువ్వూ వచ్చేస్తే వేడినీళ్ళెవరు పెడతారు? నిన్నటి బూట్లు కూడా అలాగే ఉన్నాయి, రేపటికి అవే కావాలి," అన్నాడు.

పిల్లలు చేతులూపారు. ఆమె కూడా ఊపింది. చెయ్యి దానంతటదే లేచింది, అదే ఆమెకు అన్నిటికన్నా సిగ్గనిపించింది.

ఇప్పుడు నాలుగో జత. గడప మీద రాలిన మట్టిని వేళ్ళతో పోగు చేసింది. పిడికెడయింది. ఏడాదికి ఎన్ని పిడికిళ్ళు, పదకొండేళ్ళకు ఎంత కొండ తన చేతుల మీదుగా కాలవలోకి పోయిందో. ఆయన చెప్పింది నిజమే, కొండ ఎక్కడికీ పోదు. వంగి, లేచి, నేల తుడిచి, అరిగి పోయేవి మోకాళ్ళే. వచ్చే ఏడు ఆరో సీటు ఖాళీగా ఉన్నా, జాలిపడి ఎక్కించినా, పార్కు గేటు దగ్గర సామాన్లకి కాపలా కూర్చోబెడతారు. అప్పుడు కాదనడానికి కాళ్ళుండవు.

చెంచా కింద పెట్టింది. ఐదో జత అలాగే వదిలేసింది. తలుపుకి తాళం వేసి, తాళంచెవి మట్టిబూటులో పడేసింది. వాళ్ళకి కావాలంటే చెయ్యి పెట్టి తీసుకుంటారు.

వీధి చివర పార్కు బస్సు మెట్టు ఎత్తుగా ఉంది. కుడికాలిని రెండు చేతులతో ఎత్తి పైన పెట్టుకోవాల్సి వచ్చింది. లోపల ఏదో కలుక్కుమంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎందాకా అక్కా?" అన్నాడు కండక్టరు.

ఆ ప్రశ్న ఆమెను ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు.

"మోకాలు ఎందాకా వస్తే అందాకా."