ఎక్కువసార్లు వచ్చిన మాట

“ఎలాగూ కూర్చునే ఉంటావుగా అమ్మాయ్, వీటికి తొడిమలు కూడా తీసెయ్,” అంటూ జ్ఞానప్రసూనాంబ ఎండుమిరపకాయల బుట్ట తెచ్చి కోడలి లాప్‌టాప్ పక్కన పెట్టింది. కారం పట్టించాలి. ఎవరు తీస్తారన్న చర్చ ఆ ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

ప్రోగ్రాము నడిచినంతసేపు రాగసుధ తొడిమలు తీస్తుంది. అది ఆగగానే చేతులు తుడుచుకుని కీబోర్డు మీదికి వస్తుంది. ఎంత తుడిచినా ఘాటు పోదు, కన్ను నలుపుకోవాలన్నా భయమే. గుంటూరు చుట్టుపక్కల మిరప రైతులు తమ చేలల్లో కనిపించిన తెగుళ్ళ గురించి ఆమె కంపెనీకి వాట్సాప్‌లో మెసేజీలు పెడతారు. ఆమె పైథాన్‌లో రాసిన ప్రోగ్రాము వాటిని మాటల మధ్య ఖాళీ ఉన్న చోటల్లా తెగ్గొట్టి, ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడుతుంది. సార్, మా, చేను లాంటి మాటలు అందరూ రాసేవే కాబట్టి, సగానికి పైగా మెసేజీల్లో కనిపించిన మాటను పనికిరానిదిగా తీసేయమని తనే ఒక లైను రాసింది. మిగిలినదే రిపోర్టు.

ఆ పని చూసే, కంపెనీవాళ్ళు ఆమెని విజయవాడ ఆఫీసుకొచ్చి టీము బాధ్యత తీసుకోమన్నారు. సాయంత్రంలోగా జవాబివ్వాలి. భర్త శశిభూషణ్ మాత్రం పొద్దున్నే తేల్చేశాడు. “ఇంట్లో కూర్చుని చేసుకునే పనేగా, ఇప్పుడేం తక్కువైంది? నువ్వెళ్తే అమ్మకి వేళకి కాఫీ ఎవరిస్తారు?” ఆమధ్య అలసిపోతున్నానని చెప్పినప్పుడు పేపర్లోంచి తలెత్తకుండానే, “రోజూ అనేదేగా సుధా, కొత్తగా ఏమైంది?” అన్నాడు. అడిగి లాభం లేదనుకుని ఆమె “రాలేను సార్” అని మెయిలు రాసి పెట్టుకుంది. పంపడమే మిగిలింది.

ఇంతలో మేనేజరు చైతన్యకృష్ణ ఫోన్ చేశాడు. “మేడమ్, ప్రత్తిపాడు వైపు తామర పురుగు పూతంతా పీల్చేస్తోందని రైతులు మొత్తుకుంటున్నారు. మన రిపోర్టులో దాని ఊసే లేదేంటండీ?”

ఆమె మెసేజీలు తెరిచింది. ‘సార్ తామర బాగా ఉంది.’ ‘మా చేనుకి కూడా తామర సార్.’ ఎవరిది చూసినా అదే. అందరూ అదే అంటున్నారు కాబట్టి ప్రోగ్రాము ఆ మాటని ‘సార్’తో పాటు ఊడ్చి పారేసింది. తప్పు తనదే. సిగ్గుగా అనిపించింది. లైను కొట్టేసి, తీసేయాల్సిన మాటలను తనే ఒక్కొక్కటిగా చూసి ఎంచింది. మళ్ళీ నడిపితే తామర అన్నిటికన్నా పైకొచ్చింది.

ఆమె దాన్ని చూస్తూ కూర్చుంది. రోజూ అనేదేగా. ఎవరో రైతు ఇల్లాలు ఫోను పట్టుకుని రోజూ ఆ మాటే టైపు చేసి ఉంటుంది, ఎవరైనా చూస్తారని. ఎక్కువగా చెబుతున్నారు కాబట్టి వినక్కర్లేదని తను తీర్మానించింది, తెలియక. ఈ ఇంట్లో తన గురించి ఆ తీర్మానం చేసినవాళ్ళు తెలిసే చేశారు. పదేళ్ళుగా తనూ అది సబబే అనుకుంది. కోపం వచ్చింది, చాలా ఆలస్యంగా, చాలా నెమ్మదిగా.

“సుధా, కాఫీ!” హాల్లోంచి అత్తగారి కేక.

“సుధా, నాకూ!” శశిభూషణ్. రెండో శనివారం, అతను పనిచేసే బ్యాంకుకి సెలవు. క్రికెట్ చూస్తున్నాడు.

ఆమె “రాలేను” కొట్టేసి, “సోమవారం నుంచి వస్తాను సార్” అని రాసి పంపింది. తర్వాత బుట్ట ఎత్తుకెళ్ళి భర్త ఒళ్ళో పెట్టింది.

“సోమవారం నుంచి నేను విజయవాడ ఆఫీసుకి వెళ్తున్నానండీ.”

“అదేంటి? మరి ఇదేంటి?” అన్నాడతను బుట్ట వంక చూస్తూ.

“తొడిమలు తీయండి. కూర్చుని చేసుకునే పనేగా.”